రెండు వందల ఏళ్ళకు పైగా ఉన్న బానిసత్వం అమెరికాను 1861లోనే ఎందుకు చీల్చింది?

మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. బానిసత్వం అమెరికాలో మొదటినుంచీ ఉన్నదే కదా, అంతర్యుద్ధం 1861 దాకా ఆగి అప్పుడే ఎందుకొచ్చింది అన్నది ఒకటి. అసలు గొడవ రాష్ట్రాల హక్కుల గురించీ సుంకాల గురించీ అని కొందరు వీడియోల్లో చెబుతున్నారు, అందులో నిజమెంత అన్నది రెండోది. డిగ్రీ విద్యార్థులకు చాలాకాలం అమెరికా చరిత్ర చెప్పినవాణ్ణి కాబట్టి ఈ రెండూ నాకు బాగా అలవాటైన ప్రశ్నలు. రెంటికీ జవాబు ఎక్కువగా ఒకచోటే దొరుకుతుందని నేను నమ్ముతాను. అది 1850 నాటి పారిపోయిన బానిసల చట్టం. చాలా పుస్తకాలు దాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. అక్కడికి రావాలంటే ముందు కొంత వెనక్కి వెళ్ళాలి.

1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినవాళ్ళు అందులో ఎక్కడా బానిస అన్న మాట రానివ్వలేదు. కానీ బానిసత్వానికి మూడు రక్షణలు పెట్టారు. ప్రతి ఐదుగురు బానిసలను ముగ్గురుగా జనాభాలో లెక్కగట్టి, ఆ మేరకు దక్షిణాదికి ప్రతినిధుల సభలో ఎక్కువ సీట్లిచ్చారు. లెక్కలోకి వచ్చింది బానిస, ఓటు వేసింది యజమాని. బయటి దేశాల నుంచి బానిసలను తేవడాన్ని 1808 దాకా కాంగ్రెస్ నిషేధించకూడదన్నారు. ఒక రాష్ట్రంలో పనికి కట్టుబడినవాడు ఇంకో రాష్ట్రానికి పారిపోతే తిరిగి అప్పగించాలన్నారు. ఈ మూడో నిబంధన మీద ఆ సభలో పెద్దగా చర్చ కూడా జరగలేదు. దేశం నడుం విరగ్గొట్టింది చివరికి అదే.

ఆ తరం నాయకుల్లో చాలామంది బానిసత్వం మెల్లగా దానంతటదే పోతుందనుకున్నారు. ఉత్తరాది రాష్ట్రాలు ఒక్కొక్కటిగా దాన్ని వదులుకుంటూ వచ్చాయి కూడా. ఆ అంచనాను పత్తి తలకిందులు చేసింది. 1793లో ఎలీ విట్నీ తయారుచేసిన జిన్ను అనే యంత్రం వచ్చాక పొట్టి పింజ పత్తి నుంచి గింజ తీయడం తేలికైంది. ఇంగ్లండు మిల్లులు ఎంత పత్తి పంపినా కొనేవి. జార్జియా నుంచి అలబామా, మిసిసిపి, లూసియానా, టెక్సాస్ దాకా పత్తి చేలు పరుచుకున్నాయి. 1790లో సుమారు 7 లక్షలున్న బానిసలు 1860 నాటికి 39 లక్షల 50 వేలు దాటారు. దేశం ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే అయింది.

విదేశాల నుంచి తేవడం 1808లో ఆగింది కాబట్టి కొత్త పత్తి నేలలకు మనుషులు వర్జీనియా, మేరీలాండ్ లాంటి పాత రాష్ట్రాల నుంచి వెళ్ళారు. అంతర్యుద్ధం వచ్చేలోపు దాదాపు 10 లక్షల మందిని అలా తరలించారు. కొందరు యజమానులతోపాటు వెళ్ళారు, మిగతావాళ్ళను వ్యాపారులు సంకెళ్ళు వేసి నడిపించుకెళ్ళి న్యూ ఆర్లీన్స్ లాంటి సంతల్లో అమ్మారు. అప్పు తీర్చడానికి యజమాని ఒక తల్లిని అమ్మితే ఆమె పిల్లలు ఇక ఆమెను చూసేది లేదు. ఇది అరుదుగా జరిగిన క్రూరత్వం అనుకోకండి, ఆ వ్యాపారం నడిచిందే ఇలా. 1860 నాటికి బానిసల మొత్తం అమ్మకపు విలువ 300 కోట్ల డాలర్లు దాటింది. దేశంలోని రైలుమార్గాల మీదా ఫ్యాక్టరీల మీదా పెట్టిన డబ్బు కలిపినా అంత లేదు. దక్షిణాది నాయకులు తరవాతి కాలంలో చేసిన ప్రతి పనికీ వెనక ఈ ఆస్తి ఉంది.

మొదటి పెద్ద తగాదా మిస్సోరి గురించి. 1819లో బానిస రాష్ట్రాలు 11, స్వేచ్ఛా రాష్ట్రాలు 11. రాష్ట్రానికి ఇద్దరేసి సెనేటర్లు కాబట్టి సెనేట్‌లో రెండు పక్షాలూ సమానం. మిస్సోరి బానిస రాష్ట్రంగా చేరతానంది. 1820లో మెయిన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగా దానికి జత కలిపి, ఫ్రాన్స్ నుంచి చేసిన లూసియానా కొనుగోలుతో వచ్చిన మిగతా భూభాగంలో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన బానిసత్వం ఉండకూడదని గీత గీశారు. ఆ గీత 34 ఏళ్ళు నిలిచింది.

మామూలుగా మనం మిస్సోరి నుంచి నేరుగా 1850కి దూకేస్తాం. మధ్యలో 1830లలో జరిగింది నా దృష్టిలో చాలా ముఖ్యం. 1831 జనవరి 1న బోస్టన్‌లో విలియం లాయిడ్ గారిసన్ బానిసత్వాన్ని వెంటనే ఎత్తేయాలంటూ పత్రిక మొదలుపెట్టాడు. అదే ఏడాది ఆగస్టులో వర్జీనియాలోని సౌతాంప్టన్ కౌంటీలో నాట్ టర్నర్ అనే బానిస నాయకత్వంలో తిరుగుబాటు జరిగి యాభై మందికి పైగా తెల్లవాళ్ళు చనిపోయారు. దానికి ప్రతీకారంగా తిరుగుబాటుతో ఏ సంబంధమూ లేని నల్లవాళ్ళను కూడా చంపారు. ఆ భయంతో దక్షిణాది మాటకే సంకెళ్ళు వేసింది. బానిసలకు చదువు చెప్పడాన్ని పలు రాష్ట్రాలు నేరం చేశాయి. 1835లో దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్‌లో గుంపు పోస్టాఫీసులో జొరబడి బానిసత్వ వ్యతిరేక పత్రికల మూటలు ఎత్తుకెళ్ళి తగలబెట్టింది. 1836లో ప్రతినిధుల సభ, బానిసత్వం గురించి జనం పంపే అర్జీలను చర్చకే తీసుకోకూడదని తీర్మానించింది. మాజీ అధ్యక్షుడై ఉండీ మామూలు సభ్యుడిగా అదే సభలో కూర్చున్న జాన్ క్విన్సీ ఆడమ్స్ ఎనిమిదేళ్ళు పట్టు వదలకుండా పోరాడితే 1844లో ఆ నిబంధన పోయింది.

ఉత్తరాది తెల్లవాళ్ళలో ఎక్కువమందికి బానిసల మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. చాలా ఉత్తరాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళకు ఓటు లేదు, కొన్నిట్లో అడుగు పెట్టడానికే అడ్డంకులు. కానీ తమ అర్జీ చెత్తబుట్టలోకి పోతోందని, తమ ఉత్తరం తగలబడుతోందని, 1837లో ఇల్లినాయ్‌లోని ఆల్టన్‌లో ఎలైజా లవ్‌జాయ్ అనే సంపాదకుణ్ణి అచ్చుయంత్రం కాపాడుకుంటుండగా కాల్చి చంపారని తెలిసినప్పుడు వాళ్ళకు అది తమ గొడవ అయింది. బానిసత్వం నిలవాలంటే తెల్లవాడి నోరు కూడా మూయాలా అన్న ప్రశ్న అప్పుడు పుట్టింది. దక్షిణాది స్వరమూ ఆ ఏడాదే మారింది. అంతకుముందు తప్పనిసరి చెడుగా చెప్పుకున్నదాన్ని, దక్షిణ కరోలినా సెనేటర్ జాన్ కాల్హూన్ 1837లో సెనేట్‌లో నిలబడి అది మంచిదే, మేలు చేసేదే అని వాదించాడు.

పార్టీల కంటే ముందు చర్చిలు విడిపోయాయి. 1844లో మెథడిస్టులు, బానిసలున్న వ్యక్తి బిషప్‌గా ఉండవచ్చా అన్న తగాదాతో. 1845లో బాప్టిస్టులు, బానిసల యజమానిని మిషనరీగా పంపవచ్చా అన్న తగాదాతో. దీనికి మన నేలతో నేరుగా సంబంధం ఉంది. 1840లో నెల్లూరులో తెలుగు మిషన్ మొదలుపెట్టిన శామ్యూల్ డేని పంపింది అప్పటికింకా విడిపోని బాప్టిస్టు సంఘమే. చీలిక తరవాత ఆ మిషన్ ఉత్తరాది వర్గం కింద కొనసాగింది. ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో అమెరికన్ బాప్టిస్టులని మనం పిలిచేది ఆ వర్గాన్నే. ఒకే బైబిలు, ఒకే విశ్వాసం ఉన్నవాళ్ళే కలిసి ఉండలేకపోయారంటే రాజకీయ పార్టీలు ఎన్నాళ్ళు నిలుస్తాయని కొందరు అప్పుడే భయపడ్డారు.

1846లో మెక్సికోతో యుద్ధం మొదలైంది. గెలిచే భూమిలో బానిసత్వం ఉండకూడదని పెన్సిల్వేనియా సభ్యుడు డేవిడ్ విల్మాట్ ఒక సవరణ పెట్టాడు. ప్రతినిధుల సభలో నెగ్గింది, సెనేట్‌లో నిలవలేదు. ఓట్లు పడిన తీరు మాత్రం కొత్తది. రెండు పార్టీల సభ్యులూ పార్టీని పక్కనపెట్టి ఉత్తరం, దక్షిణంగా విడిపోయి ఓటేశారు. 1848లో కాలిఫోర్నియా నుంచి న్యూ మెక్సికో దాకా విశాలమైన నేల అమెరికా చేతికొచ్చింది. బంగారం దొరికి జనం ఎగబడ్డ కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రంగా చేరతానంది. అప్పటికి లెక్క 15కు 15. కాలిఫోర్నియా చేరితే సెనేట్‌లో సమతూకం పోతుంది.

సెనేటర్లు హెన్రీ క్లే, స్టీఫెన్ డగ్లస్ కుదిర్చిన 1850 రాజీ ఇక్కడ వచ్చింది. కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రం. యూటా, న్యూ మెక్సికోల సంగతి అక్కడి వాళ్ళ ఇష్టం. రాజధాని వాషింగ్టన్‌లో బానిసల వ్యాపారం బంద్, బానిసత్వం మాత్రం యథాతథం. వీటన్నిటికీ బదులుగా దక్షిణాదికి దక్కింది, పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే కఠినమైన కొత్త చట్టం.

ఆ చట్టంలో ఏముందో చూడండి. ఎవరైనా ఒక నల్లవాణ్ణి నా బానిస అని ప్రమాణపత్రం తెస్తే కేసు ఫెడరల్ (అంటే కేంద్ర ప్రభుత్వ) కమిషనర్ ముందుకు వెళ్తుంది. జ్యూరీ లేదు. పట్టుబడ్డవాడు తన తరఫున సాక్ష్యం చెప్పుకోవడానికి వీల్లేదు. అతను బానిసేనని తేల్చి అప్పగిస్తే కమిషనర్‌కు 10 డాలర్లు, కాదని వదిలేస్తే 5 డాలర్లు. కాగితాల పని ఎక్కువ కాబట్టి ఫీజు ఎక్కువ అని సమర్థించుకున్నారు. అడ్డుపడినా, దాచిపెట్టినా 1000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. ఇంకా ఘోరం, మార్షల్ అనే ఫెడరల్ అధికారి పిలిస్తే దారిన పోయే ప్రతి పౌరుడూ వచ్చి పట్టుకోవడంలో సాయం చేయాలి. అంతదాకా ఒహాయో రైతుకో బోస్టన్ గుమస్తాకో బానిసత్వం ఎక్కడో దూరపు సంగతి. ఈ చట్టం వాళ్ళ చేతికే తాడిచ్చి మనిషిని కట్టమంది.

పారిపోయినవాళ్ళు నిజానికి ఎంతమంది? 1850 జనగణనలో నమోదైంది ఏడాదికి వెయ్యి పైచిలుకు. అప్పటికి బానిసలు 32 లక్షలు. డబ్బు లెక్కన అది పెద్ద నష్టమేం కాదు. కానీ బానిసలు తమ స్థితితో తృప్తిగా ఉన్నారని కాల్హూన్ లాంటివాళ్ళు ప్రపంచానికి చెబుతున్న మాటను, రాత్రిళ్ళు ధ్రువనక్షత్రం చూసుకుంటూ ఉత్తరానికి నడిచిన ప్రతి మనిషీ అబద్ధం చేస్తున్నాడు. తరవాత పేరుపొందిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ కూడా 1838లో మేరీలాండ్ నుంచి, నడిచి కాక రైల్లో, తప్పించుకున్నవాడే. హ్యారియట్ టబ్‌మన్ 1849లో తప్పించుకుని, మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్ళి డజన్ల మందిని తీసుకొచ్చింది. దేశం చీలిన కథ చెప్పేటప్పుడు క్లే, వెబ్‌స్టర్, స్టీఫెన్ డగ్లస్, లింకన్ అంటూ రాజకీయ నాయకుల పేర్లే వల్లిస్తాం. ఈ మనుషులు పారిపోకపోయి ఉంటే ఆ చట్టమే అక్కర్లేదు, ఆ చట్టం లేకపోతే ఉత్తరాది అంతగా మారేదీ కాదు. దీన్ని నేను గట్టిగా నమ్ముతాను.

1854 మేలో బోస్టన్‌లో ఆంథొనీ బర్న్స్ అనే యువకుణ్ణి పట్టుకున్నారు. వర్జీనియా నుంచి తప్పించుకొచ్చినవాడు. జనం కోర్టు భవనం మీద పడి విడిపించబోయారు, ఆ తోపులాటలో ఒక కాపలాదారు చనిపోయాడు. ప్రభుత్వం సైన్యాన్ని దింపింది. జూన్ 2న వేలాదిమంది చూస్తుండగా, నల్లగుడ్డలు వేలాడదీసిన వీధుల గుండా ఒక్క మనిషిని సైనికుల మధ్య నడిపించుకుంటూ ఓడ దగ్గరికి తీసుకెళ్ళారు. బోస్టన్ వ్యాపారి ఏమస్ లారెన్స్, మేము రాత్రి పడుకున్నప్పుడు రాజీని నమ్మే పాతకాలపు విగ్ పార్టీ వాళ్ళం, పొద్దున లేచేసరికి పిచ్చెత్తిన బానిసత్వ వ్యతిరేకులమయ్యాం అని రాశాడు. ఆయన దక్షిణాది పత్తితో నడిచే బట్టల మిల్లుల కుటుంబం నుంచి వచ్చినవాడని గుర్తుంచుకుని ఆ మాట చదవండి.

ఇక రాష్ట్రాల హక్కుల సంగతి. పలు ఉత్తరాది రాష్ట్రాలు మా జైళ్ళు వాడుకోనివ్వం, మా అధికారులు సాయం చేయరు అంటూ వ్యక్తి స్వేచ్ఛా చట్టాలు చేశాయి. విస్కాన్సిన్ సుప్రీంకోర్టయితే ఆ ఫెడరల్ చట్టమే రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. 1859లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అంటే 1850లలో రాష్ట్రాల హక్కుల జెండా ఎత్తింది ఉత్తరాది. ఫెడరల్ ప్రభుత్వం తన బలం మొత్తం వాడి ఆ రాష్ట్రాలను అణచాలని పట్టుబట్టింది దక్షిణాది. బానిసత్వాన్ని కాపాడినప్పుడు కేంద్రం బలం కావాలన్నారు, కాపాడదని తోచినప్పుడు రాష్ట్రం హక్కు అన్నారు. రెండు చోట్లా మారనిది బానిసత్వమే.

బర్న్స్‌ను పట్టుకున్న ఆ మే నెలలోనే స్టీఫెన్ డగ్లస్ కాన్సాస్–నెబ్రాస్కా చట్టం నెగ్గించుకున్నాడు. 1820 నాటి గీత చెరిగిపోయింది. బానిసత్వం కావాలో వద్దో ఆ రెండు కొత్త ప్రాంతాల్లో స్థిరపడ్డవాళ్ళే ఓటుతో తేల్చుకోవాలట. ఉత్తరాది డెమొక్రాట్లలో 44 మంది దానికి ఓటేస్తే, తరవాతి ఎన్నికల్లో తిరిగి గెలిచింది ఏడుగురే. విగ్ పార్టీ కూలిపోయి రిపబ్లికన్ పార్టీ పుట్టింది. ఓటుతో తేల్చుకోవడం ఎలా జరిగిందంటే, 1855 మార్చిలో కాన్సాస్ శాసనసభ ఎన్నికలో అర్హులైన ఓటర్లు 2,905 మంది, పడిన ఓట్లు 6,307. పక్కనున్న మిస్సోరి నుంచి తుపాకులతో వచ్చి ఓట్లేసి వెళ్ళారు. 1856 మే 21న బానిసత్వ పక్షం కాన్సాస్‌లో బానిసత్వ వ్యతిరేకులుండే లారెన్స్ పట్టణం మీద పడి దోచుకుంది. మర్నాడు వాషింగ్టన్‌లో, కాన్సాస్ మీద ఘాటుగా ప్రసంగించిన మసాచుసెట్స్ సెనేటర్ చార్లెస్ సమ్నర్‌ను దక్షిణ కరోలినా సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్ సెనేట్ సభలోనే చేతికర్రతో స్పృహ తప్పేదాకా కొట్టాడు. సమ్నర్ మళ్ళీ పూర్తిగా పనిలోకి రావడానికి మూడేళ్ళు పట్టింది. బ్రూక్స్ రాజీనామా చేస్తే నియోజకవర్గం తిరిగి గెలిపించింది, అభిమానులు కొత్త కర్రలు కానుకగా పంపారు. ఆ వారంలోనే కాన్సాస్‌లో బానిసత్వ వ్యతిరేకి జాన్ బ్రౌన్ మనుషులు బానిసత్వ పక్షానికి చెందిన ఐదుగురిని రాత్రివేళ ఇళ్ళ నుంచి బయటికి లాగి నరికారు. ఒకే సంఘటనలో ఒక పక్షానికి వీరుడు, ఇంకో పక్షానికి హంతకుడు కనిపించడం అప్పటినుంచి మామూలైపోయింది.

మిగిలింది కోర్టు. డ్రెడ్ స్కాట్‌ను అతని యజమాని స్వేచ్ఛా రాష్ట్రమైన ఇల్లినాయ్‌లో, బానిసత్వం నిషేధించిన విస్కాన్సిన్ టెరిటరీలో (ఇంకా రాష్ట్రం కాని ప్రాంతంలో) ఏళ్ళ తరబడి ఉంచాడు. అక్కడ ఉన్నందువల్ల నేను స్వేచ్ఛాజీవినే అని స్కాట్ వాదన. 1857 మార్చి 6న ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ తీర్పు చదివాడు. నల్లజాతివాడు అమెరికా పౌరుడు కాలేడు, తెల్లవాడు గౌరవించి తీరాల్సిన హక్కులేవీ అతనికి లేవని రాజ్యాంగం రాసినవాళ్ళు భావించారు అన్నాడు. అంతటితో ఆగకుండా, టెరిటరీల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారమే కాంగ్రెస్‌కు లేదన్నాడు. అంటే టెరిటరీల్లోకి బానిసత్వం పాకకూడదన్న, కొత్తగా పుట్టిన రిపబ్లికన్ పార్టీ ప్రధాన సిద్ధాంతమే చట్టవిరుద్ధం. గొడవ తీర్చాల్సిన చోటే తీరని గొడవ పుట్టింది.

1859 అక్టోబరులో జాన్ బ్రౌన్ 21 మందితో వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద దాడి చేసి పట్టుబడ్డాడు. డిసెంబరు 2న ఉరితీశారు. ఉత్తరాదిలో కొన్ని చర్చిలు గంటలు మోగించి సంతాపం తెలపడం దక్షిణాదిని దాడి కంటే ఎక్కువ భయపెట్టింది. 1860 ఏప్రిల్‌లో చార్లెస్టన్‌లో డెమొక్రాట్ల మహాసభ చీలింది. టెరిటరీల్లో బానిసత్వాన్ని ఫెడరల్ ప్రభుత్వమే రక్షించాలని దక్షిణాది పట్టుబట్టింది, ఉత్తరాది వాళ్ళు ఒప్పుకోలేదు. రెండు ప్రాంతాలనూ కలిపి ఉంచిన చివరి పెద్ద పార్టీ అలా పోయింది. నవంబరులో రిపబ్లికన్ అభ్యర్థి అబ్రహం లింకన్ సుమారు 40 శాతం ఓట్లతోనే అధ్యక్షుడయ్యాడు. దక్షిణాదిలో పది రాష్ట్రాల్లో ఆయన పేరిట బ్యాలెట్టే లేదు. ఉన్న రాష్ట్రాల్లో బానిసత్వం జోలికి పోనని ఆయన పదేపదే చెప్పినా ఎవరూ వినలేదు.

సుంకాల మాట కూడా తేల్చేద్దాం. 1832–33లో దక్షిణ కరోలినా సుంకాల మీద కేంద్రంతో తలపడిన మాట నిజమే. కానీ 1857 నాటి సుంకాలు దశాబ్దాలలోకెల్లా తక్కువ, దక్షిణాది ఓట్లతోనే అవి ఆమోదం పొందాయి. వాటిని పెంచిన చట్టం 1861 మార్చిలో వచ్చింది, అప్పటికే ఏడు రాష్ట్రాలు వెళ్ళిపోయాయి. వెళ్ళినవాళ్ళు కారణాలు రాసిపెట్టారు కూడా. దక్షిణ కరోలినా 1860 డిసెంబరులో విడుదల చేసిన కారణాల ప్రకటనలో సుంకాల ఊసే లేదు. ఉత్తరాది రాష్ట్రాలు పారిపోయిన బానిసలను అప్పగించడం లేదన్నది అందులో ముఖ్యమైన ఫిర్యాదు, అలా అడ్డుపడ్డ రాష్ట్రాల పేర్లు వరుసగా రాశారు. మిసిసిపి ప్రకటన ఇంకా సూటిగా, మా వైఖరి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా పెనవేసుకుపోయింది అంది. విడిపోయిన రాష్ట్రాలు కలిసి పెట్టుకున్న కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చి 21న సవానాలో, నల్లవాడు తెల్లవాడికి సమానుడు కాడన్న సత్యమే మా ప్రభుత్వానికి మూలరాయి అన్నాడు. ఆ ప్రకటనలు చిన్నవే, ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వీడియోలు చూసేముందు వాటిని చదవండి.

బానిసలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలే ముందు వెళ్ళాయన్నదీ గమనించండి. దక్షిణ కరోలినా, మిసిసిపిలలో జనాభాలో సగానికి పైగా బానిసలే. బానిసలు తక్కువగా ఉన్న డెలావేర్, మేరీలాండ్, కెంటకీ, మిస్సోరి బానిస రాష్ట్రాలై ఉండీ యూనియన్‌లోనే, అంటే పాత దేశంలోనే, ఉండిపోయాయి. బానిస రాష్ట్రాల్లో బానిసలున్న తెల్ల కుటుంబాలు నాలుగింట ఒకటే కదా, మిగతావాళ్ళు ఎందుకు పోరాడారు అని విద్యార్థులు అడుగుతుంటారు. ఎంత పేదవాడైనా తనకంటే కింద ఇంకొకడున్నాడన్న హోదా ఆ వ్యవస్థ ఇచ్చింది. ఊళ్ళో అప్పూ, కూలీ, బంధుత్వమూ అన్నీ పెద్ద యజమానితో ముడిపడి ఉన్నాయి. కులం చూసిన మనకు ఇది అర్థం కాని సంగతేం కాదు.

1861 ఏప్రిల్ 12న చార్లెస్టన్ రేవులోని ఫెడరల్ కోట ఫోర్ట్ సమ్టర్ మీద కాన్ఫెడరేట్ల కాల్పులతో యుద్ధం మొదలైంది. ఉత్తరాది యుద్ధానికి దిగింది యూనియన్ నిలపడానికి. బానిసలను విడిపించే ఆలోచన అప్పటి ప్రభుత్వానికి లేదు. ఆరు వారాలు గడవకముందే, మే నెలలో, షెపర్డ్ మాలరీ, ఫ్రాంక్ బేకర్, జేమ్స్ టౌన్సెండ్ అనే ముగ్గురు బానిసలు రాత్రివేళ పడవలో వర్జీనియాలో యూనియన్ సైన్యం చేతిలో ఉన్న ఫోర్ట్ మన్రో చేరారు. కాన్ఫెడరేట్ సైన్యం వాళ్ళచేత ఫిరంగి స్థావరం కట్టిస్తోంది. మర్నాడు వాళ్ళ యజమాని తరఫున ఒక అధికారి తెల్లజెండాతో వచ్చి, 1850 చట్టం ప్రకారం మా మనుషులను అప్పగించండి అన్నాడు. కోట అధిపతి జనరల్ బెంజమిన్ బట్లర్ స్వతహాగా న్యాయవాది. మీరు వేరే దేశమంటున్నారు కదా, వేరే దేశానికి మా చట్టం వర్తించదు అని చెప్పి, ఆ ముగ్గురినీ శత్రువు యుద్ధ సామగ్రి కింద లెక్కగట్టి తన దగ్గరే ఉంచుకుని పనిలో పెట్టుకున్నాడు. వార్త పాకింది. వారాల్లో వందలమంది, యుద్ధం సాగేకొద్దీ లక్షలమంది యూనియన్ శిబిరాలకు నడిచొచ్చారు. వాళ్ళను ఏం చేయాలో తేల్చుకోలేక కాంగ్రెస్ చట్టం మీద చట్టం చేసింది, లింకన్ 1863 జనవరి 1న విముక్తి ప్రకటన దాకా వచ్చాడు. 1864 జూన్‌లో కాంగ్రెస్ పారిపోయిన బానిసల చట్టాన్ని రద్దు చేసింది.